మతం, స్త్రీల హక్కులు, రాజ్యం: బేరం ఎవరి మధ్య జరుగుతోంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: మతప్రభావం పెరిగిన సమాజాల్లో స్త్రీల హక్కులు కుంచించుకుపోతున్నాయి కాబట్టి, మతాన్ని రాజకీయాల నుంచి తప్పిస్తే సమానత్వం దానంతట అదే వస్తుందా? దీనికి తోడు, మతాన్ని విడిచిపెట్టకుండానే హక్కులు అడిగే స్త్రీలు తమను తాము మభ్యపెట్టుకుంటున్నట్టు కాదా అని కూడా అడిగారు. వివిధ దేశాల కుటుంబ చట్టాలను పక్కపక్కన పెట్టి చదవడం, చదివించడం చాలా కాలంగా నా పని. ఆ పరిచయంతో చెప్పగలిగిందేమంటే, మీ మొదటి వాక్యంలో కొంత నిజం ఉంది; దాని నుంచి మీరు తీసిన నిర్ధారణ మాత్రం చరిత్ర ముందు నిలవదు. మతం ఒకవైపు, స్త్రీలు ఒకవైపు నిలబడి పోరాడుతున్నారన్న చిత్రంలో మూడో పాత్ర కనిపించడం లేదు. ఆ మూడో పాత్ర రాజ్యం. అసలు బేరం చాలాసార్లు రాజ్యానికీ మతనాయకత్వానికీ మధ్య జరుగుతుంది. స్త్రీలు ఆ బేరంలో పక్షంగా ఉండరు. వారి పెళ్లి, విడాకులు, వారసత్వం, పిల్లల మీది హక్కు అందులో చేతులు మారుతుంటాయి.

ముందు మీ మాటలోని నిజం సంగతి చూద్దాం. అఫ్ఘానిస్తాన్‌లో 2021 ఆగస్టులో తాలిబన్లు మళ్లీ అధికారం చేపట్టాక ఆరో తరగతి దాటిన బాలికలకు బడి తలుపులు మూసుకున్నాయి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలూ మూసుకున్నాయి. ఇదంతా మతం పేరుతోనే జరిగింది, అందులో సందేహం లేదు. అయితే అదే డిసెంబరులో కైరోలోని అల్ అజహర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యబ్ ఈ నిషేధం షరియాకే విరుద్ధమని బహిరంగంగా ప్రకటించారు. సున్నీ ప్రపంచంలో అంతకు మించిన విద్యాపీఠం లేదు, అయినా ఆ ప్రకటనతో కాబూల్‌లో ఒక్క తరగతి గది కూడా తెరుచుకోలేదు. గ్రంథం ఏమి చెబుతోంది అన్నదాని కంటే, గ్రంథం పేరిట ఉత్తర్వు జారీ చేసే అధికారం ఎవరి చేతిలో ఉంది, అది వారికి ఎలా దక్కింది అని అడిగితే విషయం ఎక్కువగా బోధపడుతుంది.

మతసిద్ధాంతం మారదని, రాజకీయాలే దానికి అనుగుణంగా మారతాయని చాలామంది అనుకుంటారు. అమెరికాలో అతిపెద్ద ప్రొటెస్టంట్ సంస్థ అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1971లో ఒక తీర్మానం చేసింది. అత్యాచారం వల్ల కలిగిన గర్భం, పిండంలో తీవ్రమైన లోపాలు, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని వంటి పరిస్థితుల్లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టాల కోసం సభ్యులు కృషి చేయాలని అందులో కోరింది. 1980 నాటికి అదే సంస్థ, తల్లి ప్రాణం కాపాడవలసిన సందర్భంలో తప్ప గర్భస్రావాన్ని నిషేధిస్తూ రాజ్యాంగ సవరణ తేవాలని తీర్మానించింది. ఆ తొమ్మిదేళ్లలో బైబిల్లో ఒక్క వాక్యం మారలేదు. మారింది పార్టీల పొందిక: దక్షిణాది సువార్తిక ఓటర్లను ఒక శిబిరంగా కూడగట్టే ప్రయత్నం ఆ దశాబ్దం చివర్లో ఊపందుకుని, రిపబ్లికన్ పార్టీతో స్థిరమైన పొత్తుగా మారింది. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు, గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి రో తీర్పును కొట్టివేయడం వెనక ఉన్నది ఆ పొత్తు నాలుగు దశాబ్దాల పాటు న్యాయమూర్తుల నియామకాల మీద పెట్టిన శ్రద్ధే.

ఇప్పుడు బేరం సంగతి. పాలకులకు మతనాయకుల మద్దతు కావలసి వచ్చినప్పుడు పన్నుల వసూలునో, సైన్యాన్నో, బ్యాంకులనో వారి చేతిలో పెట్టరు. కుటుంబ చట్టాన్ని అప్పగిస్తారు. దాని వల్ల ఖజానాకు నష్టం లేదు, వ్యాపారానికి అడ్డు లేదు, మగవారైన ఓటర్లలో అసంతృప్తి లేదు. 1772లో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ బెంగాల్‌లో అమలు చేసిన న్యాయ ప్రణాళిక దీనికి పాఠ్యపుస్తకంలాంటి ఉదాహరణ. రెవెన్యూ, నేరవిచారణ కంపెనీ అదుపులోకి క్రమంగా వెళ్లిపోగా, పెళ్లి, వారసత్వం, కులం, మతాచారాల వ్యవహారాల్లో హిందువులకు శాస్త్రం, ముస్లింలకు ఖురాన్ వర్తిస్తాయని నిర్ణయించారు. అప్పటిదాకా ప్రాంతానికొక తీరుగా, వృత్తికొక తీరుగా సాగిన ఆచారాలను పక్కనపెట్టి, పండితులూ మౌల్వీలూ చెప్పిన గ్రంథపాఠమే ‘చట్టం’ అయింది. ఈనాడు అనాది సంప్రదాయంగా చెలామణి అవుతున్న పర్సనల్ చట్టాల్లో పెద్ద భాగం ఆ వలసపాలనా ఏర్పాటు తాలూకు సంతానమే.

స్వతంత్ర రాజ్యాలూ ఇదే దారి తొక్కాయి. 1947 జూన్‌లో, పాలస్తీనా భవిష్యత్తును తేల్చేందుకు ఐక్యరాజ్యసమితి కమిటీ పర్యటిస్తున్న సమయంలో, ఆచారపరాయణ యూదుల పార్టీ అగుదత్ ఇజ్రాయెల్‌కు డేవిడ్ బెన్ గురియన్ తదితరులు ఒక ఉత్తరం రాశారు. బెన్ గురియన్ స్వయంగా ఆచారాలు పాటించే మనిషి కాదు. అయినా రాబోయే రాజ్యంలో సబ్బాతు విశ్రాంతి, ఆహార నియమాలు, విద్య, వివాహం అనే నాలుగు విషయాల్లో మతపక్షానికి ఆ ఉత్తరం భరోసా ఇచ్చింది. 1953లో చట్టం వచ్చాక యూదుల వివాహం, విడాకులు పూర్తిగా రబ్బీల కోర్టుల పరిధిలోకి వెళ్లాయి. ఆ కోర్టుల్లో న్యాయపీఠం మీద కూర్చునేది మగవారే. భర్త తన ఇష్టంతో ‘గెట్’ అనే విడాకుల పత్రం ఇస్తే తప్ప భార్యకు విముక్తి లేదు. ఇవ్వకుండా వేధించే భర్తల డ్రైవింగ్ లైసెన్సు రద్దు చేయడానికీ, జైలుకు పంపడానికీ 1995లో మరో చట్టం చేయవలసి వచ్చింది. ఆధునిక సైన్యం, శాస్త్రపరిశోధన, మహిళా ప్రధానమంత్రిని చూసిన చరిత్ర ఉన్న దేశంలో ఈ ఒక్క గది మాత్రం తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరికి ఇచ్చారో ఆ ఉత్తరంలోనే ఉంది. లెబనాన్‌లో గుర్తింపు పొందిన మతశాఖలు 18. కుటుంబ వ్యవహారాలు వాటి కోర్టుల్లోనే తేలాలి, దేశంలో పౌరవివాహం లేదు. అందుకే మతాంతర జంటలు సైప్రస్ వెళ్లి పెళ్లి చేసుకుని తిరిగి వస్తాయి, ఆ పెళ్లిని మాత్రం ప్రభుత్వం నమోదు చేసుకుంటుంది.

భారతదేశంలో ఈ బేరం ఎలా నడిచిందో షాబానో వ్యవహారంలో దగ్గరగా చూడవచ్చు. ఇందోర్‌కు చెందిన ఆ వృద్ధురాలికి 1932లో పెళ్లయింది. భర్త న్యాయవాది. 1978లో ఆమె భరణం కోసం నేరశిక్షాస్మృతి 125వ సెక్షన్ కింద కోర్టుకెక్కితే, ఆ ఏడాది నవంబరులోనే ఆయన తలాక్ చెప్పాడు. మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలు ఇప్పించాడు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. ఆ మొత్తం మీద ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లి 1985 ఏప్రిల్ 23న ఓడిపోయాడు. అక్కడితో అది ఒక ఇంటి వ్యాజ్యంగా ముగియవలసింది. తీర్పు మీద నిరసనలు పెరిగాయి, చివరకు ఆ తీర్పు తనకు వద్దని షాబానోయే బహిరంగంగా ప్రకటించే పరిస్థితి వచ్చింది. లోక్‌సభలో నాలుగు వందలకు పైగా స్థానాలున్న ప్రభుత్వం 1986లో కొత్త చట్టం చేసి విడాకులు పొందిన ముస్లిం స్త్రీలను 125వ సెక్షన్ రక్షణ నుంచి తప్పించడానికి ప్రయత్నించింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న అయోధ్యలో వివాదాస్పద కట్టడం తాళాలు తెరుచుకున్నాయి. ఒక వర్గపు పెద్దలకు ఒకటి, మరో వర్గపు పెద్దలకు మరొకటి అందాయన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది వేరు: రెండు వర్గాల తరఫున మాట్లాడిందీ, రెండు వైపులా శాంతించిందీ మగవారే. ఆ తర్వాత సుప్రీంకోర్టు 2001లో 1986 చట్టాన్నే స్త్రీలకు మేలు కలిగేలా అన్వయించింది, 2024 జూలైలో 125వ సెక్షన్ హక్కు విడాకులు పొందిన ముస్లిం స్త్రీలకు కూడా ఉందని మళ్లీ చెప్పింది. అంటే పార్లమెంటు ఒక్క ఏడాదిలో ముడివేసినదాన్ని విప్పడానికి కోర్టులకు దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

మెజారిటీ మతం విషయంలో రాజ్యం నిక్కచ్చిగా వ్యవహరించిందనుకుంటే అదీ పొరపాటే. హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటిగా అంబేడ్కర్ 1951 సెప్టెంబరులో మంత్రిపదవికి రాజీనామా చేశారు. 1955, 1956ల్లో అది నాలుగు ముక్కలై, కొంత పలచబడి చట్టమైంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన హక్కు దేశమంతటా రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది.

మీరు చూపిన విరుగుడు లౌకిక రాజ్యం. ఇక్కడ ఫ్రాన్స్ చరిత్ర చదివినవారికి కొంత ఇబ్బంది తప్పదు. 1905లోనే చర్చినీ రాజ్యాన్నీ వేరుచేసిన దేశమది. 1919లో దిగువసభ స్త్రీల ఓటుహక్కుకు ఆమోదం తెలిపింది. 1922లో సెనేట్ దాన్ని తిరస్కరించింది. సెనేట్‌లో గట్టిగా అడ్డుపడినవారిలో చర్చి వ్యతిరేకులైన రాడికల్ పార్టీవారే ముందున్నారు. స్త్రీలకు ఓటిస్తే పాపనివేదన గదిలో పాద్రీ చెప్పినట్టు ఓటేసి రిపబ్లిక్‌ను కూలుస్తారని వారి భయం. లౌకికత్వాన్ని కాపాడటానికి స్త్రీలను పౌరసత్వం వెలుపల నిలబెట్టారన్నమాట. ఓటుహక్కు 1944లో వచ్చింది, 1945లో తొలిసారి ఓటు వేశారు. భర్త అనుమతి లేకుండా ఉద్యోగంలో చేరే హక్కు, సొంతంగా బ్యాంకు ఖాతా తెరిచే హక్కు వివాహితకు 1965 చట్టంతో గానీ రాలేదు. అప్పటికి చర్చి, రాజ్యం వేరుపడి సరిగ్గా అరవై ఏళ్లు. 2004లో ప్రభుత్వ పాఠశాలల్లో మతచిహ్నాలు ప్రస్ఫుటంగా ధరించడాన్ని నిషేధించినప్పుడు అదే దేశం ‘స్త్రీల విముక్తి’ని ఒక ప్రధాన కారణంగా చెప్పింది. ఆ వాదనలో ఎంత చిత్తశుద్ధి ఉందో కొలవడం నా పని కాదు, కానీ 1922 సెనేట్ కూడా స్త్రీలకు తమ మనసు తమకు తెలియదన్న నమ్మకంతోనే మాట్లాడింది.

ఇరాన్‌లో రెజా షా 1936 జనవరిలో పరదాను నిషేధించాడు. పోలీసులు వీధుల్లో స్త్రీల తలల మీది చాదర్లను లాగివేశారు. ఆ అవమానం భరించలేక చాలామంది గడప దాటడం మానుకున్నారు. 1979 విప్లవం తర్వాత మార్చిలో హిజాబ్ గురించి విప్లవ నాయకుడు ఖొమేనీ ప్రకటన వెలువడగానే, మార్చి 8న టెహ్రాన్‌లో స్త్రీలు పెద్దసంఖ్యలో ఊరేగింపు తీశారు. రెజా షా కొడుకైన అప్పటి షాకు వ్యతిరేకంగా నిరసనగా కొద్ది నెలల క్రితం స్వయంగా చాదర్ కప్పుకున్నవారు కూడా వారిలో ఉన్నారు. 1983లో హిజాబ్ లేకుండా బహిరంగ ప్రదేశాల్లోకి రావడాన్ని 74 కొరడాదెబ్బల దాకా శిక్షించే నేరంగా మార్చారు. రెండు ఉత్తర్వులకూ మధ్య యాభై ఏళ్లు కూడా లేవు. ఒకటి ఆధునికత పేరుతో, మరొకటి మతం పేరుతో వచ్చింది. అమలు చేసింది రెండుసార్లూ పోలీసే. 2022 సెప్టెంబరులో పోలీసు నిర్బంధం తర్వాత మహ్సా అమీనీ మరణించినప్పుడు రేగిన ఆందోళనలో హిజాబ్ ధరించిన స్త్రీలూ పాల్గొన్నారన్నది ఈ నేపథ్యంలో చూస్తే ఆశ్చర్యం కలిగించదు. వారి అభ్యంతరం బట్ట మీద కాదు, బలవంతం మీద.

టర్కీ సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. అతాతుర్క్ ప్రభుత్వం 1926లో స్విస్ స్మృతి ఆధారంగా కుటుంబ చట్టాన్ని మార్చింది, 1934లో జాతీయ ఎన్నికల్లో స్త్రీలకు ఓటిచ్చింది. ఇవి నిజమైన మేళ్లు. అదే లౌకిక వ్యవస్థ 1999లో తలకు స్కార్ఫుతో ప్రమాణస్వీకారానికి వచ్చిన ఎన్నికైన సభ్యురాలు మెర్వే కవాక్చీని సభలోంచి వెళ్లగొట్టింది. తర్వాత వచ్చిన మతవాద ప్రభుత్వం స్కార్ఫు మీద నిషేధాన్ని ఎత్తివేసింది. దానికి ఆనందించినవారే, స్త్రీలపై హింసను అరికట్టే ఇస్తాంబుల్ ఒప్పందం నుంచి 2021 మార్చిలో అధ్యక్షుడి ఒక్క సంతకంతో దేశం బయటికి రావడం చూశారు. ఆ ఒప్పందాన్ని 2012లో అందరికంటే ముందు ఆమోదించింది కూడా ఇదే ప్రభుత్వం.

సంస్కరణను పైనుంచి ప్రసాదించే ప్రభుత్వాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. సౌదీ అరేబియాలో స్త్రీలు వాహనం నడపడం మీద నిషేధం 2018 జూన్ 24న తొలగింది. దానికి కొద్ది వారాల ముందు, మే నెలలో, ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన లుజైన్ అల్ హత్లూల్ తదితరులను అరెస్టు చేశారు. హక్కు వచ్చింది, కానీ అది అడిగి తెచ్చుకున్నదన్న మాట ఎవరూ అనకూడదు, రాజుగారి దయగా మాత్రమే దాన్ని చెప్పుకోవాలి. ఇలా వచ్చిన హక్కుకు కాపలా కాసే సంఘాలు మిగలవు. పాలకుడి అవసరం మారితే దాని గతేమిటో చెప్పడం కష్టం.

ఇక మతాన్ని నమ్ముతూ హక్కులు అడిగే స్త్రీల గురించి. వారిని భ్రమలో ఉన్నవారిగా కొట్టిపారేయడం మేధావుల్లో ఒక పాత అలవాటు. పైన చెప్పిన ఫ్రెంచి సెనేటర్లకూ అదే అలవాటు ఉండేది. మలేషియాలో 1980ల చివర్లో మొదలైన సిస్టర్స్ ఇన్ ఇస్లాం బృందం ఖురాన్‌ను స్త్రీలే చదివి, భర్త భార్యను కొట్టవచ్చా, బహుభార్యత్వం హక్కా మినహాయింపా వంటి ప్రశ్నలకు జవాబులు వెతికింది. ఆ కృషి నుంచే 2009లో కౌలాలంపూర్‌లో ‘ముసావా’ అనే అంతర్జాతీయ వేదిక పుట్టింది. వీరి వాదనలో నాకు బలంగా కనిపించే అంశం ఒకటుంది: చట్టసభ చేసిన శాసనానికి ‘దైవవాక్యం’ అని పేరు పెట్టి విమర్శకు అతీతం చేయవద్దు, మనుషులు రాసినదాన్ని మనుషులు మార్చవచ్చు అని వారు అంటారు. ఈ మాట బయటి నుంచి అంటే దాడిగా వినిపిస్తుంది, లోపలి నుంచి అంటే జవాబు చెప్పవలసిన ప్రశ్న అవుతుంది. 2017 ఆగస్టు 22న మన సుప్రీంకోర్టు ముమ్మారు తలాక్‌ను 3-2 మెజారిటీతో కొట్టివేసినప్పుడు, నిర్ణాయకంగా నిలిచిన న్యాయమూర్తి కురియన్ జోసెఫ్ తన తీర్పును రాజ్యాంగంలోని సమానత్వం మీద కంటే ఎక్కువగా ఖురాన్ మీదే నిలబెట్టారు. కోర్టుకు వెళ్లిన స్త్రీలు మతాన్ని వదులుకున్నామని ఎక్కడా అనలేదు.

మొరాకోలో ఈ మార్గం ఎంతదాకా వెళ్లగలదో, ఎక్కడ ఆగుతుందో రెండూ కనిపిస్తాయి. 2000 మార్చి 12న కుటుంబ చట్ట సంస్కరణకు అనుకూలంగా రబాత్‌లో, వ్యతిరేకంగా కాసాబ్లాంకాలో ఒకే రోజు ర్యాలీలు జరిగాయి, రెండింటిలోనూ స్త్రీలు నడిచారు. చివరకు రాజు ఆరవ మహమ్మద్ ‘విశ్వాసుల అధినేత’ హోదాలో మతపరమైన వాదనలతోనే సంస్కరణను పార్లమెంటు ముందు పెట్టారు. 2004లో ‘ముదవ్వనా’ అనే ఆ దేశపు కుటుంబ చట్టం మారింది. స్త్రీకి కూడా కనీస వివాహ వయసు 18 అయింది, వయోజన స్త్రీ సంరక్షకుడి ప్రమేయం లేకుండా పెళ్లి చేసుకోగలిగింది, బహుభార్యత్వానికి న్యాయమూర్తి అనుమతి తప్పనిసరైంది. అయితే 18 ఏళ్ల నిబంధనకు మినహాయింపు ఇచ్చే అధికారం న్యాయమూర్తికే వదిలారు. బాల్యవివాహాలు ఆ మినహాయింపు తలుపు గుండానే కొనసాగాయి. అందుకే నా విద్యార్థులకు ఏ సంస్కరణ చట్టం ఇచ్చినా ముందు మినహాయింపుల సెక్షన్లు చదవమని చెబుతాను, పీఠిక తర్వాత చదవవచ్చు.

మతం బలం తగ్గిన క్యాథలిక్ దేశాల్లో ఏం జరిగిందన్నది మీ ప్రశ్నకు మరింత దగ్గరి విషయం. ఐర్లండ్ 1937 రాజ్యాంగం 41వ అధికరణం, ఇంటిలో స్త్రీ గడిపే జీవితం రాజ్యానికి ఆధారమని చెప్పి, ఆర్థిక అవసరం వల్ల తల్లులు ఇల్లు వదిలి పనికి వెళ్లవలసిన స్థితి రాకుండా చూడాలని రాసుకుంది, విడాకులను నిషేధించింది. ప్రభుత్వోద్యోగంలో ఉన్న స్త్రీ పెళ్లి చేసుకుంటే రాజీనామా చేయాలన్న నిబంధన 1973 దాకా ఉంది. దీన్ని చర్చి బోధ అని మాత్రమే అనలేం, ఉద్యోగాలు తక్కువగా ఉన్న చోట వాటిని మగవారికి కేటాయించే పద్ధతి కూడా ఇదే. 1983లో గర్భస్థ శిశువు ప్రాణానికి తల్లి ప్రాణంతో సమాన హక్కు ఇచ్చే ఎనిమిదో సవరణను ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 67 శాతం ఆమోదించారు. 1995లో విడాకులకు అనుమతి 9,114 ఓట్ల తేడాతో గట్టెక్కింది. 2018 మే 25న అదే ఎనిమిదో సవరణను 66.4 శాతం ఓట్లతో తొలగించారు.

ఈ మధ్యలో చర్చి పరపతి పడిపోయిందన్నది నిజమే. పిల్లలపై పాద్రీల లైంగిక అకృత్యాలు, క్రైస్తవ సన్యాసినులు నడిపిన మాగ్డలీన్ లాండ్రీల్లో స్త్రీల నిర్బంధం బయటపడ్డాయి. కానీ పరపతి పడిపోవడం ఒక్కటే చట్టాన్ని మార్చలేదు. గర్భస్రావం చేయడానికి వైద్యులు నిరాకరించాక 2012 అక్టోబరులో సవితా హలప్పనవర్ గాల్వేలోని ఆసుపత్రిలో మరణించడం దేశాన్ని కదిలించింది. తర్వాత ప్రభుత్వం యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన 99 మంది సామాన్య పౌరులతో సభ ఏర్పాటు చేసింది. వారు వైద్యులను, న్యాయవాదులను, రెండు పక్షాల సంఘాలను వారాంతాల్లో కూర్చుని విన్నారు. పార్టీలు భయపడి తేల్చని విషయాన్ని పౌరులు తేల్చారు. ఓటేసి సవరణను తొలగించినవారిలో ఆదివారం ప్రార్థనకు వెళ్లే క్యాథలిక్కులు కూడా ఉన్నారన్నది మరచిపోరాదు. అయితే 2024 మార్చి 8న, ఇంట్లో స్త్రీ పాత్ర గురించిన పాత వాక్యాన్ని మార్చే ప్రతిపాదనను అదే ఓటర్లు 70 శాతానికి పైగా తిరస్కరించారు. కొత్త వాక్యం సంరక్షణ భారాన్ని రాజ్యం మీద స్పష్టంగా పెట్టకుండా కుటుంబాల మీదే వదిలేసిందని వికలాంగుల హక్కుల కార్యకర్తల్లో కొందరు వ్యతిరేకించారు. దాన్ని మతం గెలుపుగా చదివితే తప్పు చదివినట్టే.

పోలండ్ కథ వ్యతిరేక దిశలో నడిచింది. 1956 నుంచి కమ్యూనిస్టు పాలనలో చట్టబద్ధంగా ఉన్న గర్భస్రావం, ప్రజాస్వామ్యం వచ్చాక 1993 చట్టంతో కఠినమైంది. కమ్యూనిజాన్ని దించడంలో చర్చి చేసిన సాయానికి కొత్త పాలకులు చెల్లించిన రుణమది అని చాలామంది విశ్లేషకులు అంటారు, నేనూ అలాగే అనుకుంటాను. రాజకీయులు దానికి ‘రాజీ’ అని పేరు పెట్టారు; రాజీ కుదుర్చుకున్న రెండు పక్షాల్లో స్త్రీలు లేరు. 2020 అక్టోబరు 22న రాజ్యాంగ ట్రిబ్యునల్ పిండలోపాలు ఉన్నప్పుడు గర్భస్రావానికి ఉన్న అనుమతిని కూడా తొలగించడంతో దేశమంతటా నిరసనలు రేగాయి. 2023 అక్టోబరులో దాదాపు 74 శాతం పోలింగుతో పాలకపక్షం మెజారిటీ కోల్పోయింది. ప్రభుత్వం మారినంత మాత్రాన చట్టం మారలేదన్నది ఆ కథలో తర్వాతి భాగం.

స్త్రీ, పురుష విభజనకు ఇమడని వారి విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది గానీ ఫలితాలు ఊహకు అందవు. స్వలింగ సంబంధాలకు మరణశిక్ష దాకా విధించే ఇరాన్‌లో లింగమార్పిడి శస్త్రచికిత్సకు ఖొమేనీ ఫత్వా నుంచే అనుమతి ఉంది. పాకిస్తాన్ పార్లమెంటు 2018లో తమ లింగ గుర్తింపును తామే ప్రకటించుకునే హక్కును ట్రాన్స్‌జెండర్లకు ఇచ్చింది. 2023 మేలో ఫెడరల్ షరియత్ కోర్టు అందులోని కీలక భాగాలను కొట్టివేసింది. ఒకే దేశంలో, ఒకే మతం పేరిట, రెండు సంస్థలు రెండు రకాలుగా తేల్చాయి.

ఇంతకూ ఏ దేశంలోనైనా ఇలాంటి సంస్కరణ ప్రకటించినప్పుడు ఏం చూడాలని అడిగితే, దుస్తుల గురించి ఎంత చర్చ జరుగుతోందో చూడవద్దంటాను. హిజాబ్ ఫొటోకు అందుతుంది, వారసత్వం అందదు. ఆస్తి దగ్గరికి వచ్చేసరికి మతవాదులూ, లౌకికవాదులూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. బ్రిటిష్ ఇండియాలో 1937 షరియత్ చట్టం స్థానిక ఆచారాలను తోసి ముస్లిం స్త్రీలకు షరియా ప్రకారం వారసత్వం ఇచ్చింది. కానీ సాగుభూమిని మినహాయించింది. భూమి రాష్ట్రాల శాసనపరిధి అన్న సాంకేతిక కారణం చెప్పారు. ఫలితం మాత్రం, ఊళ్లో అసలైన ఆస్తి ఏదో అది కూతుళ్లకు చేరకపోవడం. 1956 హిందూ వారసత్వ చట్టం 4వ సెక్షన్ రెండో ఉపవిభాగం కూడా కౌలు, కమతాల చట్టాలకు మినహాయింపు ఇచ్చింది, 2005లో గానీ అది తొలగలేదు. రెండు మతాలు, రెండు కాలాలు, రెండు రకాల ప్రభుత్వాలు. మినహాయింపు మాత్రం ఒకే చోట.

ట్యునీషియా దీనికి చివరి ఉదాహరణ. స్వాతంత్ర్యం వచ్చిన అయిదు నెలలకే, 1956 ఆగస్టు 13న, అప్పటి ప్రధాని బూర్గీబా ప్రకటించిన కుటుంబ స్మృతి బహుభార్యత్వాన్ని నిషేధించింది, విడాకులను కోర్టు పరిధిలోకి తెచ్చింది. అరబ్బు ప్రపంచంలో అంతకు ముందడుగు అప్పటికి లేదు. అంత సాహసం చేసిన ఆయన కూడా వారసత్వంలో కూతురికి కొడుకు వాటాలో సగం అన్న నియమాన్ని తాకలేదు. 2011 విప్లవం తర్వాత అభ్యర్థుల జాబితాల్లో స్త్రీ, పురుషులు ఒకరి తర్వాత ఒకరు ఉండాలన్న నిబంధన పెడితే, ఎన్నికైన స్త్రీలలో అత్యధికులు ఇస్లామిక్ పార్టీ ఎన్నహ్దా నుంచి వచ్చారు. అదే పార్టీ 2012 ముసాయిదాలో స్త్రీని పురుషుడికి ‘పూరకం’గా వర్ణించబోతే జనం వీధుల్లోకి వచ్చారు, 2014 రాజ్యాంగంలో ఆ మాట లేదు. 2018 నవంబరులో అధ్యక్షుడు ఎస్సెబ్సీ చొరవతో సమాన వారసత్వ బిల్లుకు మంత్రివర్గం ఆమోదం లభించింది. ఎన్నహ్దా వ్యతిరేకించింది. 2019 జూలైలో ఎస్సెబ్సీ మరణించారు. తర్వాత గెలిచిన కైస్ సయీద్ రాజ్యాంగ న్యాయశాస్త్ర ఆచార్యుడు, ఏ మతపార్టీకీ చెందినవాడు కాదు, ఎన్నహ్దాకు తర్వాత బద్ధశత్రువుగా మారి ఆ పార్టీ నాయకులను జైలుకు పంపినవాడు. 2020 ఆగస్టు 13న, ఆ దేశపు మహిళా దినోత్సవం నాడు, వారసత్వం విషయంలో ఖురాన్ పాఠం స్పష్టంగా ఉందనీ, దానికి వ్యాఖ్యానంతో పనిలేదనీ ఆయన ప్రకటించారు. బిల్లు నేటికీ చట్టం కాలేదు.